పదహారో గుర్తు

"జెనివాన్ ఇక లేడేమో, అదౌతో."

పొద్దున్నే పొయ్యి ముందు నిలబడి పైకే అనేశాను. ఆవిరి గిన్నెలో మొక్కజొన్న పిండి ఉడికిన వాసన వస్తోంది. మా ఆయన అదౌతో గడపలో కూర్చుని, మేకపిల్లల చెవులు కోసే చిన్న కత్తిని రాయి మీద నూరుతున్నాడు. నా మాటకి ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. జవాబు లేదు. ఆరు నెలలుగా లేదు.

ఈ అలవాటు నాకు మా అమ్మ నుంచి వచ్చింది. భయపడుతున్నదాన్ని ముందే నోటితో అనేస్తే అది ఇక జరగదని ఆవిడ నమ్మకం. వానలు పడవేమో అనేది, ఇంట్లో పాము దూరుతుందేమో అనేది, మా నాన్న గాడిద మీంచి పడతాడేమో అనేది. మా నాన్న రెండుసార్లు పడ్డాడు. ఆ రెండు రోజులూ తను అనడం మర్చిపోయిందట, అందుకు ఏడ్చింది. అందుకే నేను ఒక్క పొద్దు కూడా మానను.

ఇంతవరకూ ఏం జరిగిందో ఈ లిందౌరాని ఒక్కసారి చెప్పుకోనివ్వండి. లేకపోతే నా బుర్రలో ఒకదాని మీద ఒకటి పడి అన్నీ చిక్కుపడిపోతాయి.

మా లజేదు ఊరికి పైన మొకో కొండ ఉంది. దానికి కంచె లేదు, పట్టా లేదు. తాతల నాటి నుంచి అందరి మేకలూ అక్కడ కలిసే మేస్తాయి. ఏ మేక ఎవరిదో దాని చెవి చెబుతుంది. పుట్టిన ప్రతి పిల్లకీ చెవి మీద ఇంటి గుర్తు కోస్తాం. మూడేళ్ల కిందట కొండ నెత్తిన గాలిని కొలవడానికి సన్నటి ఇనప స్తంభం నిలబెట్టారు. మా గాలి చాలా మంచిదట. మంచిదైతే మనకే చేటు అని నేను ఆ రోజే అన్నాను, అందరూ నవ్వారు. ఇప్పుడు కంపెనీకి కొండ అంచు పొడుగునా అరవై గాలిమరలు కావాలి. వాటిని మొయ్యడానికి దారులు కావాలి, దారుల కోసం బండలు పేల్చాలి. పక్క కొండ మీద పేల్చినప్పుడు ఆ ఊళ్లో వాననీళ్ల తొట్లన్నీ బీటలు వేశాయి. చూలు మేకలు నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి.

మా సంఘంలో గుర్తు ఉన్నవాడికే మాట. మొత్తం ముప్పై ఒక్క గుర్తులు. పదహారు గుర్తులు కంపెనీ కాగితం మీద పడితే కొండ ముప్పై ఏళ్లపాటు వాళ్లది. ఎవరెవరు గుర్తు పెట్టారో సంఘం పెద్ద తెయోతోనియో ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. పదిహేను మంది పెట్టామని ఒప్పుకున్నారు. ఇంకొకడు లేడు, కొండ మనదే అని ఊపిరి పీల్చుకున్నాడు. పోయిన వారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పదహారు ఉన్నాయట. అవి నిజమో కాదో తేల్చడానికి ఈ ఆదివారం భూముల ఆఫీసు నుంచి ఒకావిడ వస్తోంది.

ఇక మా ఇంటి సంగతి. మా ఒక్కగానొక్క కొడుకు జెనివాన్ జనవరిలో ఇల్లు వదిలాడు. పై రాష్ట్రంలో ఇదే కంపెనీకి గాలిమరల స్తంభాలు నిలబెట్టే పనికి పోతానన్నాడు. "ఇంకొకరి కొండ మీద పాతిన చెయ్యి రేపు మన కొండ మీదా పాతుతుంది. వెళ్లావంటే మళ్లీ నా దొడ్లో అడుగు పెట్టకు" అన్నాడు తండ్రి. వాడు వెళ్లాడు. ఫిబ్రవరిలో నా స్నేహితురాలు దమియానా ఫోనుకి చేసి రెండుసార్లు నాతో మాట్లాడాడు. మార్చి నుంచి ఏమీ లేదు. మార్చి పన్నెండున అదౌతో మేకల మందు కోసం టౌనుకి వెళ్లి, సాయంత్రం మందు లేకుండా, మాట లేకుండా తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. ఒక్క మేకపిల్ల చెవి కొయ్యలేదు. కత్తి మాత్రం రోజూ నూరుతాడు.

కొడుకు తిరిగొచ్చేదాకా మాట్లాడనని ఆయన బోం జెసుస్ స్వామికి మొక్కుకున్నాడని ఊరందరికీ అర్థమైంది. మా వైపు ఇలాంటి మొక్కులు ఉన్నాయి. మొక్కులో ఉన్నవాణ్ని దేనికి మొక్కావని అడక్కూడదు, అడిగితే మొక్కు చెడుతుంది. నేను అడగలేదు. కొడుకుని తరిమినందుకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ మౌనం చూసి పోయింది. మొక్కులకి కట్టుకునే గుడి రిబ్బను ఒకటి తెప్పించి ఆయన దిండు కింద పెట్టాను.

"పద, అదౌతో" అన్నాను పొయ్యి ఆర్పుతూ. "ఆవిడ కారు లోయలో పడకపోతే ఈపాటికి వచ్చేసి ఉంటుంది."

ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఊరంతా బడిలో కూర్చుని ఉంది. చిన్నపిల్లల బల్లలు. మగవాళ్ల మోకాళ్లు గడ్డాలకి తగులుతున్నాయి. కంపెనీ మనిషి వాగ్నెర్ ముందు వరుసలో నిలబడి కేకు ముక్కలు పంచుతున్నాడు. ఎప్పుడు వచ్చినా అతని బూట్లకి దుమ్ము ఉండదు, అదెలాగో నాకు ఇప్పటికీ తెలియదు. మూల నేల మీద దమియానా కాళ్లు చాపుకుని, బండ మీద చిన్న కొబ్బరికాయల్లాంటి లికూరి గింజలు కొట్టుకుంటోంది. టక్, టక్. మా జెనివాన్‌ని జ్ఞానస్నానంలో ఎత్తుకున్నది తనే. అందుకే నేనూ తనూ ఒకరినొకరం కొమాద్రె అనే పిలుచుకుంటాం.

"తీసుకోండమ్మా, నారింజ కేకు" అన్నాడు వాగ్నెర్ ఆమె దగ్గరికి వెళ్లి.

"తీసుకుంటాను గానీ నాయనా, నమిలితే పర్వాలేదా? మింగితేనే సంతకం పెట్టినట్టా?"

గదంతా గొల్లున నవ్వింది. వాగ్నెర్ కూడా నవ్వాడు. "మీరు మరీనమ్మా. ఇందులో కాగితాలేం లేవు."

"ముందు నువ్వు తిను, చూస్తాను."

భూముల ఆఫీసు నుంచి వచ్చినావిడ పేరు ఇవోనే, సన్నటి మనిషి. దారి కుదుపులకి ముఖం పచ్చగా పాలిపోయి ఉంది. నేను నీళ్లు ఇచ్చాను. నీళ్లు తాగుతుంటే పొలమారుతుందేమో అనుకున్నాను, పొలమారలేదు. ఆవిడ బల్ల మీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి కంపెనీ కాగితం, ఒక్కొక్క గుర్తూ గీసిన విడి తెల్ల కాగితాలు దానికి కుట్టి ఉన్నాయి. రెండోది తెయోతోనియో ఇంట్లో ఉండే గుర్తుల పుస్తకం. మేకతోలు అట్ట, నాలుగు తరాల చెవులు అందులో ఉన్నాయి.

"ఒప్పుకున్నవాళ్లు సంతకానికి బదులు చెవి గుర్తు గీశారు. సంఘం నియమాల్లో అది చెల్లుతుందని రాసుకున్నారు కనుక నాకు అభ్యంతరం లేదు" అంది ఆవిడ. "ఒక్కొక్క గుర్తూ చూపిస్తాను. ఎవరిది వాళ్లు లేచి 'నాదే' అంటే చాలు. కానీ పెద్దాయనా, నాకొకటి అర్థం కాలేదు. ఈ పుస్తకంలో చనిపోయినవాళ్ల గుర్తులు ఏవి? ఒక్కటీ కొట్టేసి లేదే?"

తెయోతోనియోకి ఎనభై రెండేళ్లు. మెల్లగా లేచాడు. "మేం కొట్టెయ్యమమ్మా. మూస్తాం."

"మూయడమంటే?"

"మనిషి పోతే వాడి ఇంటి పెద్ద ఓ తెల్ల కాగితం మీద ఆ గుర్తుని ఆఖరిసారి గీస్తాడు. ఆ కాగితం పెట్టెలో పోయినవాడి చేతి కింద పెట్టి పూడ్చేస్తాం. అవతల కూడా మేకలుంటాయి కదా, మనవి మనం పోల్చుకోవద్దూ? పోయినేడు మా తమ్ముడిది నేనే గీశాను. చెయ్యి వణికి చెవి పనసకాయలా వచ్చింది. వాడు అక్కడ నన్ను తిట్టుకుంటూ ఉంటాడు."

ఎవరో నవ్వారు. ఆయనా నవ్వబోయి, కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు.

మొదటి గుర్తు చూపించింది ఇవోనే. వల్దెసీ లేచాడు. "నాదే. తిట్టేవాళ్లు తిట్టండి. నా పిల్లకి ఊపిరితిత్తుల జబ్బు, టౌనుకి తీసుకెళ్లి వచ్చేసరికి నేను సగం అయిపోతున్నాను."

"నిన్ను ఎవరు తిట్టారయ్యా" అంది దమియానా గింజ కొడుతూనే. "నీ మేక తప్పిపోతే మాత్రం ఇకమీదట నువ్వే వెతుక్కో. కొండ అమ్మినవాడికి కొండ తెలియాలి కదా."

"అమ్మలేదు. కౌలు."

"ముప్పై ఏళ్ల కౌలు. నాకిప్పుడు అరవై. తొంభైకి వచ్చి తాళంచెవి ఇవ్వు."

రెండోది, మూడోది. ఒక్కొక్కరూ లేచి నేల చూస్తూ "నాదే" అన్నారు. కొందరు గట్టిగా అన్నారు, కొందరి మాట వినపడక ఇవోనే మళ్లీ అడగాల్సి వచ్చింది. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో భయం, నాకు అన్ని భయాలూ తెలుసు. పదిహేను అయ్యాయి. తెయోతోనియో వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. గదిలో గాలి కూడా ఆగినట్టు అనిపించింది, కానీ మా ఊళ్లో గాలి ఆగదు. తలుపు కొట్టుకుంటూనే ఉంది.

"పదహారు" అంది ఇవోనే. "కుడి చెవి కొసన చీలిక. ఎడమ చెవిలో కిటికీ. ఎడమ చెవి కింది అంచున ఒక గాటు."

దమియానా రాయి ఆగింది.

చీలిక, కిటికీలాంటి చిల్లు మా ఆయన గుర్తు. కొడుకు తండ్రి గుర్తే తీసుకుని తనదైన తేడా ఒకటి కలుపుకోవాలి. ఆ గాటు మా జెనివాన్ పన్నెండో ఏట కలుపుకున్న తేడా.

"ఎవరిది ఇది?" ఇవోనే పుస్తకం తిరగేసింది. "జెనివాన్. అదౌతో కొడుకు. వచ్చాడా?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"అబ్బాయి మార్చి పన్నెండున టౌనులో మా ఆఫీసులో గీశాడండీ" అన్నాడు వాగ్నెర్. "తేదీ కింద ఉంది చూడండి. నేను ఆ రోజు లేను, కాగితం ఆఫీసు నుంచే నా దగ్గరికి వచ్చింది. కుర్రవాడు మా పనిలోనే ఉన్నాడు కదా, దీని మేలు తెలుసు."

నేను ఎప్పుడు లేచానో తెలియదు, బల్ల దగ్గర ఉన్నాను. మార్చి పన్నెండు. ఫిబ్రవరి ఇరవైన వాడు ఫోనులో "అమ్మా, ఇక్కడ గాలికి చెవులు పగిలిపోతున్నాయి" అన్నాక నాకు వాడి నుంచి ఏదీ రాలేదు. ఇప్పుడు ఒక తేదీ వచ్చింది. మార్చి పన్నెండున నా బిడ్డ ఊపిరితో ఉన్నాడు. టౌనుదాకా వచ్చాడు, ఒక బల్ల ముందు కూర్చున్నాడు, కలం పట్టుకున్నాడు. ఇల్లు అక్కణ్నించి నలభై కిలోమీటర్లు. రాలేదు. రాకపోతే పోనీ, వాడికి ఇష్టం లేకపోతే పోనీ. బతికున్నాడు కదా.

"మన కడుపునే కొట్టాడే కొమాద్రె" అంది దమియానా వెనక నుంచి. తిట్టులా లేదు, ఏడుపులా ఉంది. "ఈ చేతులతో ఎత్తుకున్నానే వాణ్ని."

నాకు సిగ్గు రాలేదు. దేవుడు నన్ను క్షమించాలి, ఆ క్షణంలో కొండ ఏమైపోతేనేం అనుకున్నాను. కాగితం మీదికి వంగాను, వాడి చేతిగీత ముట్టుకుందామని.

చెవులు వేలాడుతున్నాయి.

జెనివాన్‌కి ఐదేళ్లప్పుడు తల్లి చచ్చిన మేకపిల్ల ఒకటి ఇంట్లోనే పెరిగింది. సీసాతో పాలు పట్టేవాడు. వాడి అడుగు వినపడితే చాలు, దాని చెవులు రెండూ నిలబడేవి. అప్పటి నుంచి వాడు ఏ మేక బొమ్మ గీసినా చెవులు నిలబెట్టే గీస్తాడు. గోడ మీద, మట్టిలో, బడి పలక మీద, ఆఖరికి గుర్తుల పుస్తకంలో కూడా. "వేలాడితే అది మన మాట వినడం లేదని అర్థం అమ్మా" అనేవాడు. ఇవోనే తెరిచి పెట్టిన పుస్తకంలో అదే పేజీ ఉంది. వాడు పన్నెండేళ్లప్పుడు గీసిన రెండు చెవులు, ఈటెల్లా నిక్కి.

కోతలు చూసేవాళ్లకి రెండూ ఒకటే. చీలిక చీలికే, కిటికీ కిటికీయే. మా వాళ్లకి గుర్తంటే కోత, చెవి నిలబడిందా వంగిందా ఎవడూ చూడడు. నేను చూస్తాను.

ఆ వేలాడే చెవుల్ని, కొసన కొంచెం మందంగా కలాన్ని నొక్కిన ఆ తీరుని కూడా నేను ఎరుగుదును. ముప్పై ఏళ్లుగా దొడ్డి తలుపు మీద, పాల బిందెల మీద, నా పెళ్లి పెట్టె మూత మీద చూస్తున్నాను.

తలెత్తాను. అదౌతో తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. టోపీ తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. దొంగ చూపు కాదు.

మార్చి పన్నెండున టౌనుకి వెళ్లింది ఆయనే కదా.

ఎందుకు పెట్టాడో అప్పుడు నాకు తోచింది ఒకటే. కొడుకు కోరింది కొడుకు పేరున ఇచ్చేస్తే వాడు తిరిగొస్తాడని ఆశపడ్డాడు. ఊరిని అమ్మి కొడుకుని కొనబోయాడు, పిచ్చివాడు. పెట్టి, ఆ తప్పుకి మొక్కు మొక్కి నోరు కుట్టేసుకున్నాడు.

"అమ్మా" అంది ఇవోనే. గొంతు మెత్తగా ఉంది. "మీ అబ్బాయి ఇక్కడ లేడు కనుక మిమ్మల్ని అడగాలి. ఇది అతని చేతి గీతేనా? మీరు అవునంటే పదహారు. కాదంటే పదిహేను, ఈ కాగితం ఇక్కడితో చెల్లదు. కానీ కాదంటే, ఇంకొకరి గుర్తు పెట్టినవాళ్ల మీద నేను కేసు రాయాలి. ఆలోచించి చెప్పండి."

వాగ్నెర్ కేకు పళ్లెంతో ఒక అడుగు ముందుకేశాడు. "తల్లికి కొడుకు గీత తెలియదా అండీ. చూడగానే పోల్చుకుంది, చూడండి ఎలా వణికిపోతోందో."

బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. తలుపు కొట్టుకుంటోంది. బయట ఎవరిదో మేక అరిచింది. అవునని ఒక్క మాట అంటే చాలు. మార్చి పన్నెండున నా బిడ్డ బతికున్నాడని ప్రభుత్వం కాగితం మీద ఉండిపోతుంది. మా ఆయన జైలుకి పోడు. కొండ పోతుంది, అంతే. తెయోతోనియో మేకలు పోతాయి, దమియానా ఏరుకునే లికూరి చెట్లు పోతాయి, వాన నీళ్లు నిలిచే బండల గుంటలు పోతాయి. రేపు జెనివాన్ వస్తే ఊరు వాణ్ని ఏమంటుంది? వాడు చెయ్యని పని వాడి నెత్తిన. వాడి గుర్తు ఉన్న మేక తప్పిపోతే ఎవరూ వెతికిపెట్టరు.

కాదంటే, నా దగ్గర ఆ ఒక్క తేదీ కూడా ఉండదు.

"కాదు" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. ఇవోనే ముందుకి వంగింది.

"కాదమ్మా. వాడు చెవులు నిలబెట్టి గీస్తాడు. పుస్తకంలో చూడండి. ఇది వాడి చెయ్యి కాదు."

గదిలో బల్లలు కదిలాయి. దమియానా "అమ్మ తల్లీ" అంది. ఇవోనే పేజీనీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. వాగ్నెర్ చేతిలో కేకు పళ్లెం అలాగే ఉండిపోయింది.

"మరి ఎవరి చెయ్యి?"

అదొక్కటీ నా నోట రాదు. నేల చూశాను. దమియానా కొట్టిన గింజల పెంకులు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇవోనే కలం పట్టుకుని వేచి ఉంది.

"నాది."

ఆరు నెలలు వాడని గొంతు. తుప్పు పట్టిన గడియ తీసినట్టు వచ్చింది. అదౌతో గొంతు.

నేను ఏం చేశానో చెప్పనా? ఆయన వైపు చూడలేదు. తలుపులోంచి బయటికి, దారి వైపు చూశాను. కొడుకు వస్తేనే తీరే మొక్కు కదా. ఆయన నోరు తెరిచాడంటే వాడు వచ్చినట్టే కదా. నా కాళ్లు గడప దాకా పరుగెత్తాయి కూడా. దారి మీద ఎర్ర దుమ్ము లేస్తోంది, ఇవోనే కారు నిలబడి ఉంది, దాని నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. ఇంకెవరూ లేరు.

"మొక్కు..." అన్నాను వెనక్కి తిరిగి. "మొక్కు చెడింది అదౌతో. వాడు రాకుండానే మాట్లాడేశావు. ఇప్పుడు వాడెలా వస్తాడు?"

"మొక్కేం లేదు."

"మరి ఆరు నెలలు?"

ఆయన టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు. తెయోతోనియో బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. ముసలాయనకి అందరికంటే ముందు అర్థమైంది, టోపీ తీసేశాడు. ఆయన్ని చూసి వల్దెసీ తీశాడు. ఒకరి తర్వాత ఒకరు గదిలో ఉన్న మగవాళ్లందరూ తీసేశారు. నాకు ఇంకా అర్థం కాలేదు. అర్థం కాకుండా ఉండాలని గట్టిగా నిలబడ్డాను.

"చెప్పు" అన్నాను. "రోజూ పొద్దున అడుగుతున్నాను కదా. ఒక్కసారి చెప్పు."

అప్పుడు అదౌతో బల్ల మీది కాగితాన్నీ, దాని మీద వేలాడే చెవుల్నీ చూస్తూ, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"వాడి పెట్టెలో పెడతామన్నారు ఆ ఆఫీసువాళ్లు, లిందౌరా. పెట్టెలో పెడతామంటేనే గీసిచ్చాను."